అమ్మమ్మ కుంచం

కోతలైన మడిలో చెప్పుల్లేకుండా నడిచినవాళ్లకే కొయ్యకాళ్లు ఎలా గుచ్చుకుంటాయో తెలుస్తుంది. అమ్మమ్మ నాకు నేర్పిన మొదటి పని ఆ నడక. అడుగు ఎత్తి వేయకూడదు. పాదాన్ని నేలకు రాసుకుంటూ ముందుకు తొయ్యాలి. అప్పుడు కొయ్యకాలు పక్కకి వంగుతుంది, అరికాల్లో దిగదు. అలా తోసుకుంటూ, నడుం వంచి, కోతవాళ్ల చేతుల్లోంచి జారిపోయిన వెన్నుల్ని ఒక్కొక్కటే ఏరి ఒడిలో వేసుకోవాలి. దాన్నే పరిగె ఏరడం అంటారు.

మాది శ్రీకాకుళం జిల్లాలో పాలకొండ వైపు ఊరు (ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది). నాగావళి దగ్గర, తోటపల్లి కాలువ నీళ్లు పారే మడులు. మడులు ఊళ్లోవాళ్లవి, పని మా దళితుల పేటవాళ్లది. తాత ఒక మోతుబరి ఇంట్లో కంబారిగా, అంటే పాలేరుగా ఉండి అక్కడే పోయాడు. నాన్న విశాఖ హార్బరులో కూలిపనికి వెళ్తే అమ్మ, తమ్ముడు ఆయనతో వెళ్లారు. నేను అమ్మమ్మ దగ్గర పెరిగాను. 1978లో నాకు పదేళ్లు. ఇప్పుడు నేను చెప్పే సంగతులు చాలావరకు ఆ ఒకటి రెండేళ్లలో జరిగినవే.

అమ్మమ్మకి అక్షరం ముక్క రాదు, కానీ పాటలు మాత్రం యాభై దాకా నోటికొచ్చు. ఆమె చిన్నప్పుడు పేటకి ఒక బైబిలమ్మ వచ్చేదట. తెల్ల చీర, చేతిలో గొడుగు, సంచీలో పుస్తకం. ఆమె పాడితే వీళ్లు పాడేవారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు విశాఖపట్నంలో దిగారని, 1870లలో కెనడా బాప్టిస్టులు శ్రీకాకుళం, బొబ్బిలి వైపు వచ్చారని నేను తర్వాత చదువుకున్నాను. అమ్మమ్మకి ఆ చరిత్ర ఏదీ తెలియదు. ఆమెకు తెలిసిందల్లా ఆ గొడుగమ్మ. పేటలో ఇంటి లోపలికొచ్చి చాప మీద కూర్చున్న మొదటి పరాయి మనిషి ఆవిడేనట. ఈ మాట చెప్పిన ప్రతిసారీ అమ్మమ్మ చాపని చేత్తో తట్టి చూపించేది.

రాత్రిళ్లు నేను బైబిలు చదవాలి, ఆమె వినాలి. చిమ్నీ దీపం ముందు నేను, ఎదురుగా చాటలో పరిగె వడ్లు ఏరుతూ ఆమె. ఆమెకి బాగా ఇష్టమైంది రూతు కథ. మోయాబు నుంచి అత్త వెంట వచ్చిన విధవ కోడలు, పరాయి దేశంలో తిండికి లేక బోయజు పొలంలో పరిగె ఏరుకుంటుంది. మన తెలుగు బైబిల్లో ఆ మాట ‘పరిగె’ అనే ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు అమ్మమ్మ చాట పక్కన పెట్టేసింది.

"ఏటన్నావు? పరిగే? మన పరిగేనేటి?"

"అవునమ్మమ్మా, పరిగె ఏరుకున్నది అని రాశారు."

"మరోపాలి సదవే గుంటా."

మళ్లీ చదివాను. సాయంత్రం దాకా ఏరుకుని, దుళ్లగొడితే దాదాపు తూమెడు యవలు అయ్యాయని ఉంటుంది. అక్కడ మళ్లీ ఆపింది. వేళ్లు మడిచి లెక్కేసింది. నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము. "నాలుగు కుంచాలు! ఒక్క ఆడది, ఒక్క పొద్దులో! జారిన ఎన్నులేరితే నాలుగు కుంచాలు రావే. ఆడు కావాలనే పడీమనుంటాడు" అంది. నిజంగానే కిందటి వచనాల్లో ఉంది, ఆమె కోసం పనల్లోంచి పిడికెళ్లు లాగి పడేయమని బోయజు తన పనివాళ్లకు చెప్పాడని. నేను చదివేశాను గానీ పట్టించుకోలేదు. ఏనాడూ పుస్తకం తెరవని మనిషి కొలత బట్టి కనిపెట్టింది. ఆ తర్వాత ఎందరో బోధకుల నోట రూతు ప్రసంగం విన్నాను. తూముకి ఎన్ని కుంచాలో లెక్కేసిన బోధకుడు ఒక్కరూ నాకు తగల్లేదు.

ఆ రాత్రి తర్వాత ఆమె నన్ను వెతికించడం మొదలుపెట్టింది. పొలం గురించి ఎక్కడుంటే అక్కడ చదవమనేది. లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయంలో దొరికింది. పంట కోసేటప్పుడు పొలం ఓరలు పూర్తిగా కోయకూడదు, పరిగె ఏరుకోకూడదు, బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలి. ఆ ఆజ్ఞ భూమి ఉన్నవాడికి. బీదవాణ్ణి అడుక్కోమని అందులో ఎక్కడా లేదు. అమ్మమ్మ దాన్ని అలాగే పట్టుకుంది. "అయితే ఇది దరమం కాదన్నమాట. మన వాటా" అంది. అప్పటిదాకా గట్టు మీద మోతుబరి కనబడితే ఒడి దాచుకుని పక్కకి తప్పుకునేది. ఆ ఏడు నుంచి దాచుకోలేదు.

పరిగె అంటే మడిలో ఏరేదొక్కటే కాదు. ఎలక కన్నాలు తవ్వితే లోపల వెన్నులు వరసగా పేర్చి ఉండేవి. మగపిల్లలు పొగపెట్టి ఎలకల్ని తరిమేవారు, మేం వెన్నులు లాగేవాళ్లం. ఆ వడ్లకి మట్టి వాసన ఉండేది. ఎంత కడిగినా అన్నంలో కూడా తెలిసేది. మామూలు రోజుల్లో మాకు చోడి (రాగి) అంబలే. వరి అన్నం, అదీ మట్టి వాసనతో, పండగతో సమానం.

ఇక కుంచం సంగతి.

కళ్లంలో నూర్పులప్పుడు కూలి ధాన్యంగానే ఇచ్చేవారు. మోతుబరి ఇంట్లో రెండు కుంచాలుండేవి. వానాకాలంలో తిండిగింజలు అప్పు ఇచ్చినప్పుడూ, ఆ అప్పు తిరిగి తీసుకునేటప్పుడూ ఒకటి. కూలి కొలిచేటప్పుడు ఇంకొకటి. రెండోదాని అడుగు లోపలికి నొక్కుకుపోయి ఉండేది. తేడా ఒకటిన్నర పిడికెడు. అది పేటలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

ఆ పుష్యమాసానికి ముందు నేను ద్వితీయోపదేశకాండం ఇరవై నాలుగో అధ్యాయం చదివాను. ఏనాటి కూలి ఆనాడే ఇయ్యవలెను, సూర్యుడు అస్తమించక ముందే ఇయ్యవలెను, వాడు బీదవాడు గనుక దాని మీద ఆశ పెట్టుకుని ఉంటాడు. తర్వాత యాకోబు పత్రిక ఐదో అధ్యాయం. చేలు కోసిన పనివాళ్లకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొర పెడుతోందని, ఆ కోతవారి కేకలు ప్రభువు చెవుల్లోకి వెళ్లాయని. "కూలే అరుస్తాదా?" అని అడిగింది. అవునన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ వారం రెండు పెట్టల్ని అమ్మి, సంతలో కొత్త ఇనప కుంచం కొంది. షావుకారు దగ్గర మానికతో నాలుగుసార్లు కొలిపించి, అంచుకి సరిగ్గా ఉందని చూసుకుంది. మర్నాడు నూర్పయ్యాక, కూలి కొలిచే వేళకి దాన్ని కొంగు కింద నుంచి తీసి కుప్ప ముందు పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. భయంతో ఆమె చీర పట్టుకున్నాను.

"బాబూ, కూలి దీంతో కొలిపించండి."

"ఏటే, మా కుంచానికేటొచ్చింది?"

"ఏటీ రానేదు బాబూ. మాకు అప్పిచ్చిన కుంచం పెద్దది, కూలి కొలిసే కుంచం సిన్నది. రెండూ ఒద్దు, ఇది ఎట్టండి."

ఆయన కొట్టలేదు, తిట్టలేదు. నవ్వాడు. ఆ పూట కూలి ఆ కుంచంతోనే కొలిపించాడు. మర్నాటి నుంచి ఆమెను పనికి పిలవలేదు. ఆ ఇల్లు కాదంటే మిగతా ఇళ్లు కూడా పిలవలేదు. సంక్రాంతికి మా ఇంట్లో పరిగె గింజలు, ఎలక కన్నాల వడ్లు తప్ప ఏమీ లేవు.

ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారు ఆమెను పక్కకి పిలిచారు. "లోకసంబంధమైన గొడవలు మనకొద్దమ్మా. మన పౌరస్థితి పరలోకంలో ఉంది" అన్నారు. అమ్మమ్మ తల వంచుకునే జవాబు చెప్పింది. "పరలోకంలో ఆయనెడతాడు బాబూ. ఈ రేతిరి ఈ గుంటకి నానేటెట్టాల?"

అయ్యగారు చెడ్డవారు కాదు. ఆ మధ్యాహ్నమే వాళ్లింటి నుంచి రెండు శేర్ల బియ్యం పంపించారు. గుడి కట్టుకున్న నాలుగు సెంట్లూ ఆ మోతుబరి ఇంటివాళ్లు ఇచ్చినవే. మోతుబరి కాదంటే గుడి ఎక్కడుంటుంది అనేది అయ్యగారి భయం. ఆ భయం నాకు ఇప్పుడు అర్థమవుతుంది. కానీ ఆకలి తీర్చడానికి బియ్యం పంపిన చెయ్యి, కుంచం సరిగా ఉండాలని ఒక్క మాట అనలేకపోయింది. మన సంఘాల్లో ఈ రెండింటి మధ్య దూరం ఇప్పటికీ అలాగే ఉంది. బియ్యం బస్తాలు, దుప్పట్లు, ఉచిత వైద్య శిబిరాలు, అన్నీ చేస్తాం, మంచిదే. తప్పుడు కొలత గురించి బైబిల్లో ఆమోసు ప్రవక్త ఎంత కోపంగా మాట్లాడాడో చదివి, పుస్తకం మూసి ఇంటికెళ్లిపోతాం.

మరుసటి ఏడు కళ్లంలో ఆ నొక్కు కుంచం కనబడలేదు. ఎవరు తీసేశారో, ఎందుకు తీసేశారో ఎవరూ మాట్లాడలేదు. అమ్మమ్మను మళ్లీ పిలిచారు.

నూర్పులయ్యాక గుడిలో కోత పండగ వచ్చేది. దాని ముందు నాకు క్రిస్మస్ కూడా తక్కువే. రైలుపట్టా ముక్క గంటని ఆ రోజు చెవులు హోరెత్తేలా కొట్టేవారు. వాకిట్లో చెరకు గడలు, అరటి గెల. లోపల బల్ల ముందు గుమ్మడికాయలు, కందికట్టలు, చోళ్ల మూట, కాళ్లు కట్టిన కోళ్లు, ఎవరో పిల్లవాడు తెచ్చిన ఒకే ఒక్క గుడ్డు. ప్రార్థన మధ్యలో కోడి కూస్తే పిల్లలందరం కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లం. తర్వాత వేలం. పది పైసల గుమ్మడికాయ మూడు రూపాయల దాకా వెళ్లేది, ఎవరూ తగ్గేవారు కాదు. కొన్నవాళ్లు మళ్లీ దేవుడికే ఇచ్చేసేవారు, అది మళ్లీ వేలానికి వచ్చేది. అమ్మమ్మ చాటెడు పరిగె వడ్లు తెచ్చేది. కుంచం కొన్న ఏడు కూడా తెచ్చింది. ఇంట్లో ఏమీ లేని ఏడు. ఎందుకే అని పక్కింటామె అడిగితే, "ఆయన వాటా నాకొచ్చింది, నా వాటా ఆయనకెల్లాల కదా" అంది. ఆ వడ్లని ఆ ఏడు వేలంలో ఎవరు కొన్నారో నాకు గుర్తు లేదు.

ఇంతవరకు రాసి ఆపేస్తే అమ్మమ్మ గురించి నిజం సగమే చెప్పినట్టు. మా సంఘానికి రెండు రెల్లి కుటుంబాలు వచ్చేవి. వీధులు ఊడ్చే పని. వాళ్లు తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోటు పక్కన కూర్చునేవారు. అక్కడే కూర్చోండని ఎవరూ చెప్పలేదు, లోపలికి రండనీ ఎవరూ అనలేదు. ప్రభువు బల్ల రోజు అందరూ తాగే ద్రాక్షరసం గిన్నె అందరి దగ్గరకీ తిరిగి చివరికి వాళ్ల దగ్గరకి వెళ్లేది. ఒక రాత్రి యాకోబు పత్రిక రెండో అధ్యాయం చదివాను. బంగారు ఉంగరం పెట్టుకున్నవాణ్ణి మంచి స్థలంలో కూర్చోమని, మురికి బట్టల బీదవాణ్ణి నా పాదపీఠానికి దిగువ కూర్చోమని అంటే మీరు పక్షపాతులు కారా అని ఉంటుంది అక్కడ. అమ్మమ్మ ఈసారి మరోపాలి చదవమనలేదు. "సాలు, దీపం ఆర్పీ" అంది.

మరుసటి ఆదివారం తన చోటులోనే కూర్చుంది. ఆ రెల్లి ఇళ్లలో ఒకింటి అమ్మాయి బడిలో నా తరగతే. గుడిలో నేనూ ఏనాడూ లేచి ఆమె పక్కకి వెళ్లలేదు. ఇప్పుడు మా గుడిలో ఒకే గిన్నె లేదు, ఒక్కొక్కరికీ చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి. శుభ్రత కోసం అన్నారు, అది నిజమే. కానీ ఆ గిన్నె ముందు మేం అందరం తేల్చుకోవాల్సిన లెక్క ఒకటుంది. అది తేలకుండానే గిన్నె లోపలికి వెళ్లిపోయింది.

1987లో తమ్ముడు పాలిటెక్నిక్‌కి దరఖాస్తు చేశాడు. కుల ధ్రువపత్రం దగ్గర నాన్న ఉన్నదున్నట్టు చెప్పాడు, క్రైస్తవులం అని. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివారు షెడ్యూల్డ్ కులం కిందికి రారు. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవులైనవాళ్లను బీసీ-సీ అంటారు, రిజర్వేషన్ ఒక్క శాతం. తమ్ముడికి సీటు రాలేదు. బాప్తిస్మం తీసుకున్నాక కూడా ఊరి టీకొట్టులో మా గ్లాసులు వేరుగా చూరు కిందే ఉండేవి, బీసీ-సీ అని కాగితం మీద రాశాక కూడా. మా చిన్నాన్న కాగితంలో వేరేలా రాయించుకున్నాడు, ఉద్యోగం వచ్చింది. ఆదివారం ఇద్దరన్నదమ్ములూ ఒకే చాప మీద కూర్చునేవారు. చిన్నాన్న ప్రార్థన చేసేటప్పుడు గొంతు ఎప్పుడూ సగంలో తగ్గిపోయేది. ఆయన్ని నేను తప్పుపట్టను. మనిషిని పిల్లల అన్నానికీ తన విశ్వాసానికీ మధ్య నిలబెట్టిన ఆ షరతునే తప్పుపడతాను. నాతో టీచర్ ట్రైనింగ్ చదివిన సీతంపేట సవర అమ్మాయి కూడా క్రైస్తవురాలే. గిరిజనులకు ఈ షరతు లేదు, ఆమె హక్కు ఆమెకు ఉంది. ఉండాలి కూడా. మతంతో సంబంధం లేకుండా ఎస్సీ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది, 2023 మార్చిలో మన శాసనసభ కూడా తీర్మానం చేసింది. తమ్ముడికి అప్పటికే యాభై దాటాయి.

అమ్మమ్మ 1996లో పోయింది. ఆమెను నేను బాగా తలుచుకున్న రోజు మాత్రం 2012 జూన్‌లో వచ్చింది. అప్పుడు నేను రాజాంలో టీచరుని. జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపేశారు. మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించాక మునగకుండా మిగిలిన భూమిని దున్నుకోవడం మీద తగాదా. చంపినవాళ్లు బయటనుంచి రాలేదు. ఆ ఊరివాళ్లే. మాకు అది బస్సులో వెళ్లొచ్చేటంత దూరం.

ఆ ఆదివారం మేం వెళ్లే సంఘంలో సమాధానం (శాంతి) కోసం ప్రార్థిద్దాం అన్నారు. ఊరి పేరు ఎత్తలేదు, చనిపోయిన వాళ్ల సంగతీ ఎత్తలేదు. ఆడవాళ్ల వైపు నుంచి నేను లేచాను. అలా లేవడం అదే మొదటిసారి. చేతిలో బైబిలు వణుకుతూనే ఉంది. యిర్మీయా ఆరో అధ్యాయం తీశాను. సమాధానం లేని సమయంలో సమాధానం, సమాధానం అంటూ నా ప్రజల గాయాన్ని పైపైన బాగుచేస్తున్నారని దేవుడు బాధపడిన చోటు. తర్వాత లేవీయకాండం ఇరవై ఐదులో, ఆ భూమి నాదే అని ఆయన చెప్పిన మాట. ఇంకేమీ మాట్లాడలేకపోయాను, కూర్చున్నాను. కొందరికి కోపం వచ్చింది. ఒక పెద్దాయన, గుడిలో రాజకీయాలేంటమ్మా అన్నారు. ఆరాధనయ్యాక పదకొండు మంది నా దగ్గరకి వచ్చారు. బియ్యం, చీరలు పట్టుకుని వెళ్లాం. ఆకుమడులు పోసుకోవాల్సిన రోజులవి. ఆ పొలం మాత్రం చూడలేక తల తిప్పుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఎవరూ మాట్లాడలేదు. బియ్యం ఇచ్చి వచ్చేశాం కదా, మనం కూడా అయ్యగారిలాగే చేశామా అని ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. తర్వాత మాలో కొందరు ఆ కేసు గురించి జరిగిన సభలకు వెళ్లడం మొదలుపెట్టారు. నేనూ వెళ్లాను.

కిందటి డిసెంబరులో ఊరెళ్లాను. తమ్ముడు హార్బరు పని మానేసి ఊరు చేరి ఎకరంన్నర కౌలుకి చేస్తున్నాడు. కోతలకు ఇప్పుడు మిషన్ వస్తోంది. గంటలో ఎకరం అయిపోతుంది. వెనకాల ఒక్క వెన్ను కూడా మిగలడం లేదు. పరిగె అనే మాట తెలిసిన పిల్లలు మా పేటలో ఇప్పుడెవరూ లేరు. మిషన్‌కి ఒక్కటే చేతకాదు, మడి మూలల్లో తిరగలేదు. గట్టు వార నాలుగు మూలల్లో దుబ్బులు అలాగే నిలబడి ఉంటాయి. మామూలుగా కొడవలితో మనుషుల్ని పంపి వాటిని కోయిస్తారు. తమ్ముడు కోయించలేదు. నేను చెప్పలేదు, వాడే వదిలేశాడు. ఆ రాత్రుల్లో వాడు మాతో లేడు, ఆ వచనాలు నా దగ్గర వినలేదు. అమ్మ చెప్పి ఉంటుంది.

రెల్లి వీధి నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకామె నా తరగతి అమ్మాయే. ఇప్పుడు మనవలున్నారు. నేను చెప్పులు గట్టు మీద విడిచి, పాదాలు తోసుకుంటూ ఆమె దగ్గరకి వెళ్లాను. ఆమె నా కాళ్ల వైపు చూసింది. "నడక మర్సిపోనేదు" అంది. ముగ్గురం కలిసి కోశాం. చాలా మాటలు ఆడాలనుకున్నాను. గుడి గురించి, తలుపు దగ్గర చోటు గురించి. ఆమె కొడుకు చెన్నైలో ఉన్న సంగతి చెప్పింది, నేను విన్నాను.

పొద్దు వాలేసరికి రెండు మూటలయ్యాయి. మరదలు లోపల్నుంచి అమ్మమ్మ కుంచం తెచ్చి గట్టు మీద పెట్టింది, ఎంతైందో చూసుకుంటారేమోనని. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మళ్లీ గట్టు మీదే పెట్టేసింది.

"పరిగెకి కొలతేటమ్మా" అని మూట నెత్తికెత్తుకుంది.